పద్దెనిమిది పాటల సుశీల

పి. సుశీల హిట్స్ అంటూ వచ్చిన సంకలనాలు ఇన్నీ అన్నీ కావు. క్యాసెట్ల కాలంలో వచ్చాయి, సీడీల కాలంలో వచ్చాయి, ఇప్పుడు ఫోన్ మీద వేలు పెడితే చాలు, వరసకట్టి వస్తున్నాయి. మా ఇంట్లో ఉన్న సీడీ కూడా అలాంటిదే. అట్ట మీద నవ్వుతున్న సుశీలగారి బొమ్మ, వెనకాల పద్దెనిమిది పాటలు. పాటల్లో వంక పెట్టడానికేం లేదు, అన్నీ మేలిమి బంగారమే. నా పేచీ అంతా వాటిని ఏరిన చేతితోనే.

2016లో గిన్నిస్ వాళ్ళు లెక్క తేల్చారు – ఆరు భాషల్లో 17,695 పాటలని. రోజుకొకటి చొప్పున విన్నా నలభై ఎనిమిదేళ్ళు దాటుతుంది. అందులోంచి పద్దెనిమిది! ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఆ మాట అన్నానికి చెల్లుతుంది గానీ సుశీలగారికి చెల్లదు.

ఎందుకు చెల్లదో చెబుతాను. 1964 నాటి 'మూగమనసులు' గుర్తు చేసుకోండి. జమీందారు బిడ్డ రాధగా సావిత్రి, పల్లెపిల్ల గౌరిగా జమున. ఇద్దరికీ పాడింది సుశీలగారే. అయినా సినిమా చూస్తున్నంతసేపూ 'ఇదేమిటి, ఇద్దరిదీ ఒకే గొంతు' అనిపించదు. గౌరికి పాడేటప్పుడు మాట చివర కొంచెం విరుస్తారు, నవ్వు దాచుకోరు. రాధ దగ్గరికొచ్చేసరికి అదే గొంతు, గడప దాటాలా వద్దా అని ఆలోచించే పిల్లలా కుదురుగా అడుగులేస్తుంది. గొంతు మార్చకుండా మనిషిని మార్చడమంటే ఇదీ! మా సీడీలో గౌరి పాట ఉంది, రాధ పాడినది ఒక్కటీ లేదు. పక్కపక్కన పెట్టి వింటే కదా ఆవిడ ఏం చేశారో తెలిసేది.

పద్దెనిమిదింటిలో సగానికి పైగా యుగళగీతాలే. ఘంటసాలగారితో పాడినవి వద్దనడానికి నాకేమన్నా పిచ్చా? కాకపోతే యుగళగీతంలో ఒకరికి చోటివ్వాలి, ఒక్కోసారి తగ్గాలి (ఆ విద్య ఆడవాళ్ళకి ఎవరో నేర్పాలా!). ఎవరికీ చోటివ్వక్కర్లేనప్పుడు ఆ గొంతు ఎంతవరకూ వెళ్తుందో తెలియాలంటే ఒంటరి పాటలు కావాలి. 'ముత్యాలముగ్గు'లో సంగీతకి పాడిన పసుపు పాటలాంటివన్నమాట. అదీ లేదు.

పోపులపెట్టెలో గిన్నెల్లా భక్తికొకటి, ప్రేమకొకటి, జోలపాటలకొకటి సంకలనాలు విడగొట్టడం వ్యాపారమట. సరే. 'మిస్సమ్మ'లో సావిత్రికి లీల, జమునకి సుశీల పాడారు. ఎనిమిదేళ్ళ తరవాత, 1963లో, 'లవకుశ'లో ఆ ఇద్దరే కలిసి కుశలవులిద్దరికీ గొంతులయ్యారు. నాయికలకి పాడే ఆడవాళ్ళు అడవిలో పెరిగిన మగపిల్లలైపోయారు! అంతటి పాటలు భక్తి గిన్నెలోకి వెళ్ళిపోయాయి గనక హిట్స్ సీడీలో చోటు లేదు.

1976లో వచ్చిన 'సిరిసిరిమువ్వ' పాట మాత్రం ఉంది, దేవుడి దయవల్ల. ఆ సినిమా పాటకే సుశీలగారికి జాతీయ బహుమతి వచ్చింది. అందులో జయప్రద వేసింది మూగపిల్ల వేషం. మాట రాని పిల్ల ఆడుతుంటే ఆ పిల్ల తరఫున విప్పిన గొంతు అది. ఈ సంగతి తెలిసి వింటే పాట ఒకలా ఉంటుంది, తెలియక వింటే ఇంకోలా ఉంటుంది. అట్ట మీద ఒక్క వాక్యం వేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? పాట రాసిన వేటూరి పేరు లేదు, బాణీ కట్టిన మహదేవన్ పేరూ లేదు. ఉన్నదల్లా సినిమా పేరు, నిమిషాలు.

ఆ నిమిషాల గొడవ కూడా ఒకటుంది. పాత గ్రామఫోన్ రికార్డు ఒకవైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టేది కాదు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో ఎగిరిపోవడం ఆ రోజుల్లో మామూలే. రికార్డు నుంచి క్యాసెట్‌కీ, క్యాసెట్ నుంచి సీడీకీ ఆ తెగిన పాటే నడిచొస్తోంది. సీడీలో బోలెడంత చోటున్నా సరే.

ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. మా అమ్మ తరం వాళ్ళు 'సావిత్రి పాట', 'జమున పాట' అనేవాళ్ళు. తెర మీద కనిపించే మొహానిదే పాట. ఆ మొహాలన్నీ తీసేసి, ఇవన్నీ ఒక్క మనిషి పాడినవి సుమా అని పేరు అచ్చేసి చెప్పింది ఈ సంకలనాలే. అందుకే ఇంకా కొంటున్నాను. ఈసారి ఎవరైనా వేస్తే గౌరినీ రాధనీ పక్కపక్కన పెట్టమనండి.