ఆ గిన్నె రంగు ఏమిటి?

లండన్ చూడటానికి వచ్చిన మనవాళ్ళని బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్తే, అమరావతి శిల్పాలు ఎక్కడున్నాయని ముందుగా అడుగుతారు. అవి చూపించాక నేను 95వ గదికి కూడా తీసుకెళ్తుంటాను. సర్ పెర్సివల్ డేవిడ్ సేకరించిన చైనా పింగాణీ, దాదాపు 1,700 వస్తువులు, అక్కడే ఉంది. డేవిడ్ 1892లో బొంబాయిలో పుట్టినవాడు. చైనా రాజకుటుంబం తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయిన వస్తువుల్లో కొన్నింటిని 1920లలో బ్యాంకు నుంచి కొన్నాడు. ఈ సేకరణలో అన్నిటికన్నా పేరున్నవి ‘రూ’ పాత్రలు.

వాటిని చూసినవాళ్ళు నన్నడిగే ప్రశ్న ఒకటే: ఇంతకీ ఇది ఆకుపచ్చా, నీలమా?

ఇంగ్లీషులో ఈ తరహా పాత్రల్ని సెలడాన్ అంటారు. 17వ శతాబ్దపు ఫ్రెంచి నవలలోని ఒక గొర్రెలకాపరి పేరు నుంచి ఆ మాట వచ్చిందని చెబుతారు. పాత్రలు చేసినవాళ్ళకి ఆ పేరే తెలియదు. వాళ్ళ మాట ‘చింగ్’. ఆకుపచ్చ, నీలం రెండూ అందులో ఇమిడిపోతాయి. ఇది మనకి వింతగా తోచకూడదు. పసుపు రాసిన గడపా మనకి పచ్చనిదే, వరిచేనూ పచ్చనిదే. ఆ రెంటి మధ్యా మనమెప్పుడూ తికమకపడలేదు.

అసలు ఆ పూతలో విడిగా రంగేమీ కలపలేదు. అందులో ఉన్నది కొద్దిపాటి ఇనుము. బట్టీలోకి గాలి తగ్గించి కాలిస్తే ఆ ఇనుమే నీలిపచ్చగా తేలుతుంది. గాలి ఎక్కువైతే పసుపు, గోధుమ ఛాయల్లోకి పోతుంది. చల్లారేటప్పుడు లోపలి మట్టికన్నా పూత ఎక్కువ కుంచించుకుపోవడం వల్ల సన్నటి పగుళ్ళు వస్తాయి. ఆ మట్టి కూడా లేత బూడిదరంగుదే. గట్టిగా చూస్తే దీన్ని స్టోన్‌వేర్ అనాలి, అంటే మన ఆవకాయ జాడీకి దూరపు చుట్టం.

ఉత్తర సూంగ్ వంశపు చివరి రోజుల్లో, 1100 ప్రాంతంలో, హెనాన్‌లో ఆస్థానం కోసం వీటిని కొంతకాలం మాత్రమే చేశారు. 1127లో రాజధాని కైఫెంగ్ జుర్చెన్ల వశమైంది. కళాప్రియుడైన హుయ్‌చుంగ్‌నీ, అతని తర్వాత గద్దెనెక్కిన కొడుకునీ బందీలుగా పట్టుకుపోయారు. పాత్రలు ఇప్పుడు మిగిలినవి వందలోపే. 2017లో హాంగ్‌కాంగ్ వేలంలో కుంచెలు కడుక్కునే 13 సెంటీమీటర్ల పళ్ళెం ఒకటి 29.4 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు పలికింది.

వీటి మీద వచ్చే రాతలతో నా పేచీ ఇక్కడే. సగం ధర గురించీ, మిగతా సగం వాన వెలిసిన ఆకాశం గురించీ. ఆ ఉపమానం కూడా చైనా సంప్రదాయంలో అంతకుముందరి ‘చాయ్’ పాత్రలకి చెప్పింది. 2024లో ఈ సేకరణని శాశ్వతంగా మ్యూజియానికి ఇస్తున్నట్టు ప్రకటించినప్పుడూ వార్తలకెక్కింది వంద కోట్ల పౌన్ల విలువే.

మెచ్చుకోవడం కూడా ఒక్కోసారి వస్తువుని పాడుచేస్తుంది. 18వ శతాబ్దపు చక్రవర్తి చియన్‌లుంగ్ కొన్ని రూ పాత్రల మీద తన పద్యాలు చెక్కించాడు. అలాంటి సేకరణలు ఉండబట్టే ఇవి మనదాకా వచ్చాయి, కాదనను. కానీ ఆ పూత మీద చూపు ఎక్కడా ఆగకుండా జారిపోవాలి. అక్షరాలు చూపుని మధ్యలో పట్టుకుని ఆపేస్తాయి. గిన్నెని చూద్దామని వెళ్ళి చక్రవర్తి అభిప్రాయం చదివి వస్తాం.

చేసినవాళ్ళ సంతకం మాత్రం ఎక్కడా లేదు. ఉన్నదల్లా పాత్ర అడుగున. అక్కడా పూత వేసి, బట్టీలో అంటుకుపోకుండా చిన్న మట్టిముళ్ళ మీద నిలబెట్టేవారు. ఆ ముళ్ళ గుర్తులు నువ్వుగింజల్లా మూడో, ఐదో కనిపిస్తాయి. ఆస్థానం వద్దన్న పాత్రల్నే బయట అమ్మనిచ్చేవారని దక్షిణ సూంగ్ కాలపు రచయిత చౌ హుయ్ రాశాడు. 1980లలో బయటపడ్డ చింగ్‌లియాంగ్‌స బట్టీల దగ్గర దొరికినవి ఎక్కువగా పెంకులే. మిగిలిన ప్రతి పాత్ర వెనకా ఎన్ని పగిలిపోయాయో వాటిని చూస్తే తెలుస్తుంది.

అందుకే, ఏ ప్రదర్శనలోనైనా ఒక్క రూ గిన్నెనైనా బోర్లించి పెట్టాలని నా కోరిక. పక్కన నాలుగు పెంకులు కూడా పెడితే మరీ మంచిది. అప్పుడు రంగు పేరు గురించి మావాళ్ళు అంతగా అడగరనుకుంటాను. ఎలా చేశారని అడుగుతారు.