పండుగ రంగస్థలంపై పద్యనాటకం: కాటిసీను ప్రదర్శనపాఠం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మహాశివరాత్రి, శ్రీరామనవమి, సంక్రాంతి వంటి పండుగలలో గ్రామాలలో జరిగే పద్యనాటక ప్రదర్శనలను మూలనాటకాలకు దిగజారిన రూపాలుగా చూడడం విమర్శలో తరచు కనిపిస్తుంది. 'సత్యహరిశ్చంద్ర'లోని కాటిసీనును ప్రధానంగా తీసుకొని, పండుగ రంగస్థలానికి తనదైన ప్రదర్శనపాఠం ఉందని, దాని గుణదోషాలను అచ్చుప్రతితో మాత్రమే తూచలేమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పద్యనాటకం, పండుగ ప్రదర్శన, కాటిసీను, జాషువ, చింతామణి, ప్రదర్శనపాఠం.

1. ఉపోద్ఘాతం:
శివరాత్రి జాగరణకు తెల్లవార్లూ సాగే నాటకం మంచి తోడు. అందుకు హరిశ్చంద్ర కథ చక్కగా అమరింది. కథాస్థలం కాశి, పతాకఘట్టం శ్మశానం. రెండూ శివుని నెలవులే. రామాలయం ఎదుటనో, ఊరి కళావేదికపైనో జరిగే ఈ ప్రదర్శనకు ఊరివారి చందాలే ఆధారం. టిక్కెట్టు లేదు, కథ తెలియని ప్రేక్షకుడు కూడా దాదాపు లేడు.

ఈ ప్రదర్శనలపై ప్రధానంగా మూడు ఆక్షేపణలు వినిపిస్తాయి. నాటకాన్ని పూర్తిగా ఆడక విడి సీన్లుగా కోసివేస్తారన్నది మొదటిది. రాగాలాపన నటనను మింగివేస్తుందన్నది రెండవది. మూలంలో లేనివి చేర్చి రచయితకు అన్యాయం చేస్తారన్నది మూడవది. మొదటి రెండింటినీ సంక్షిప్తంగాను, మూడవదాన్ని వివరంగాను పరిశీలిద్దాం.

2. విడి సీన్లు - పలువురు నటులు:
'కురుక్షేత్రం' పేరుతో ఆడేది తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ, పాండవవిజయ నాటకాలనుండి ఏర్చికూర్చిన సీన్ల వరుస. పడకసీనులో ఒక కృష్ణుడు, రాయబారంలో మరొక కృష్ణుడు కనిపించడం పరిపాటి. హరిశ్చంద్రలోనూ వారణాసి సీనుకు ఒకరు, కాటిసీనుకు మరొకరు వస్తారు. పాత్రపోషణలో ఏకత్వం కోరే విమర్శకునికి ఇది రసభంగం. ప్రేక్షకునికి మాత్రం కాదు. కథ ఏమవుతుందోనన్న ఉత్కంఠతో అతడు రాలేదు. తెలిసిన పద్యాన్ని ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడో, ఎక్కడ విరుస్తాడో వినడానికి వచ్చాడు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణపాత్రధారులను పోల్చి చర్చించిన శ్రోతల వివేచన ఇటువంటిదే. 'వన్స్ మోర్' అన్న కేక ఆ వివేచనకు బహిరంగ ప్రకటన.

అయినా ఈ పద్ధతిలో నష్టం లేకపోలేదు. కాటిసీను ఒక్కటే ఆడినప్పుడు ఆ నష్టం ఎక్కువగా చంద్రమతిది. భర్త మాట నిలబెట్టడానికి దాసిగా అమ్ముడుపోయిన స్త్రీగా ఆమె మనకు కనిపించదు. కొడుకు శవంతో వచ్చి విలపించే తల్లిగా మాత్రమే మిగులుతుంది. సత్యవ్రతంలో ఆమె చెల్లించిన వంతు తెరవెనుకే ఉండిపోతుంది. కనుక సీన్లను విడదీయడం తప్పా అన్నదానికంటే, విడదీసినప్పుడు ఎవరి కథ కోతపడుతున్నదన్నది సరైన ప్రశ్న.

3. కాటిసీనులో జాషువ పద్యాలు:
మూడవ ఆక్షేపణకు కాటిసీనే సమాధానం. నేటి ప్రేక్షకుడు ఈ సీనులో తప్పక ఎదురుచూసే పద్యాలు కొన్ని బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకంలోనివి కావు. అవి గుఱ్ఱం జాషువ శ్మశానవాటిపై వ్రాసిన ఖండికలోనివి. నటుల నోట అవి నాటకంలోకి వచ్చాయి, ప్రేక్షకుల ఆమోదంతో నిలిచిపోయాయి.

ఈ చేర్పు సీను అర్థాన్నే మార్చింది. రాజ్యం పోయి కాటికాపరి అయిన రాజు దుఃఖం మూలంలోని ప్రధానభావం. జాషువ సీసపద్యంలో కవి కలం, రాజు అధికారముద్రిక, కొత్త ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుని కుంచె ఒకేచోట నశిస్తాయి. మరొక పద్యం అస్పృశ్యతకు చోటులేని తావుగా శ్మశానాన్ని చూపుతుంది. పులినీ మేకనూ పక్కపక్కన నిద్రపుచ్చే అభేదధర్మాన్ని కీర్తిస్తుంది. దీనితో హరిశ్చంద్రుని వ్యక్తిగత పతనం సమాజంపై వ్యాఖ్యగా విస్తరించింది. అస్పృశ్యతను స్వయంగా అనుభవించిన కవి వాక్యం, వీరబాహునికి సేవకుడైన చక్రవర్తి నోట పలకడంలోని ఔచిత్యం గమనార్హం.

అయితే ఇక్కడొక వైరుధ్యం ఉంది. కులానికొక శ్మశానం ఉన్న ఊళ్ళలోనూ ఈ పద్యానికి వన్స్ మోర్ పడుతుంది. చప్పట్లు భావానికా, రాగానికా? రెండవ ఆక్షేపణలోని సత్యం ఇక్కడే బయటపడుతుంది. పాదాంతంలో దీర్ఘాలాపన సాగినప్పుడు 'అస్పృశ్యత' అన్న మాట చెవిని తాకి జారిపోతుంది. ఆ మాట దగ్గర ఆగి, స్వరం తగ్గించి, పలుకు స్పష్టంగా వినిపించే నటుడు పద్యానికి న్యాయం చేసినవాడు. రాగం పద్యాన్ని మోయాలి గాని పద్యం రాగానికి సాకు కాకూడదు.

4. చేర్పుకు మరోవైపు - చింతామణి:
చేర్పులన్నీ ఇంత ఉదాత్తమైనవి కావు. వేశ్యావ్యసనాన్ని ఖండించే సంస్కరణదృష్టితో కాళ్ళకూరి నారాయణరావు వ్రాసిన 'చింతామణి'లో సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ ప్రదర్శనలలో అశ్లీలహాస్యం పేరుకుంది. ఆ పాత్రచిత్రణ తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం తెలిపారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం రచయిత మాటలకూ, వేదికపై పుట్టిన మాటలకూ కలిపి వర్తించింది.

జాషువ పద్యాన్ని కాటిసీనుకు తెచ్చిన స్వేచ్ఛే సుబ్బిశెట్టి నోట బూతునూ పెట్టింది. ఒకదాన్ని మెచ్చి మరొకదాన్ని నిరసించడానికి ఆధారం కావాలి. ఏ మాట మూలంలోనిది, ఏది చేర్పు, ఆ చేర్పు పాత్రను లోతుపరిచిందా, ఒక వర్గాన్ని నవ్వులపాలు చేసిందా అన్న విచక్షణ ప్రదర్శనపాఠాన్ని నమోదు చేసినప్పుడే సాధ్యం.

5. ముగింపు:
పండుగ రంగస్థలం మూలనాటకానికి నకలు కాదు, దానికి రెండవ రచయిత. ఆ రచనలో నటుడు, హార్మోనిస్టు, ప్రేక్షకుడు ముగ్గురూ భాగస్వాములు. రచయితగా దానికి గౌరవం దక్కాలి, రచయితకు ఉండే బాధ్యతా ఉండాలి. కాబట్టి హరిశ్చంద్ర, కురుక్షేత్రం, చింతామణి నాటకాల ప్రదర్శనపాఠాలను ప్రాంతాలవారీగా ధ్వనిముద్రణతో సేకరించి, అచ్చుప్రతులతో సరిపోల్చడం నాటకపరిశోధన ముందున్న తక్షణ కర్తవ్యం. వాటిని కంఠస్థంగా మోస్తున్న తరం వేదిక దిగకముందే ఈ పని జరగాలి.