పేనుబంకయు, భూతద్దమును

అలసంద తీగల లేత కొనలకు నల్లని పేనుబంక పట్టిన దినములలో, మందు కలుపుటకు ముందు భూతద్దము చేతబట్టి ఆకుల అడుగులు పరికించుట నాకు అలవాటు. చూచువారికిది చాదస్తముగా తోచవచ్చును గాని, చూడక మందు కొట్టువాడు చీడతోబాటు ఆ చీడను తినిపెట్టు ప్రాణిని గూడ చంపుచున్నాడు. అట్టి ప్రాణులలో నేను మిక్కిలి మెచ్చునది ఆరు మచ్చల అక్షింతల పురుగు.

నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రముండు దాని వీపు గుండ్రముగా ఉబ్బి, పసుపు మొదలు నారింజ, ఎరుపు వరకు పలు వన్నెలలో నిగనిగలాడుచుండును. రెక్కతొడుగులు రెండును కలియు చోట నిలువునా నల్లని గీత. ఒక్కొక్క తొడుగుపై మెలికలు తిరిగిన రెండు అడ్డపట్టెలు, కొనయందొక చుక్క. ఇందు మచ్చలనదగినవి నిజమునకు రెండే యైనను, పట్టెలను గూడ చేర్చుకొన్నచో, 1781లో దీనిని వర్ణించిన డెన్మార్కు పండితుడు ఫాబ్రీషియసు చెప్పిన ఆరును సరిపోవును. వేలితో తాకినంతనే కాళ్లు ముడుచుకొని, కీళ్లనుండి పసుపుపచ్చని చేదు ద్రవమును స్రవింపజేయును. పక్షులకు దీనియందు రుచి పుట్టకుండుటకు ఇదియే కారణము.

భారతదేశమంతటను, ఆగ్నేయాసియా ద్వీపములలోను, జపాను వరకును వ్యాపించిన యీ జాతి, పేనుబంక యున్న పత్తిచేనినైనను జొన్నచేనినైనను విడువదు. పసుపుపచ్చని గ్రుడ్లను ఆకు అడుగున గుంపుగా, నిలువుగా నిలిపి పెట్టును. వానినుండి వెలువడు పిల్ల మాత్రము తల్లి పోలిక లేశమును లేక, నల్లని మేనిపై లేత మచ్చలతో బుల్లి మొసలివలె ప్రాకుచుండును. తెలియనివారు దానినే చీడయని నలిపివేయుట కద్దు. తేనెబంకకై పేనును కాచుకొనియుండు చీమలు దానిని తరుముచుండగా, అది పక్కకు తప్పుకొని మరియొక కొనపై విందు సాగించుట నేను ఎంతసేపైనను చూడగలను. ఆహారము కరవైనచో తన జాతి గ్రుడ్లనే తినుననుటయు నిజమే. దానిని సాధుజంతువని పొగడుటకు నేను సిద్ధముగా లేను.

ఇక వంగతోటలో ఆకుల పచ్చదనమును గీకి జల్లెడ చేయు ఇరువదియెనిమిది మచ్చల పురుగును దీని దాయాదియే; జనులు దానిని గూడ అక్షింతల పురుగే యందురు. దూరమునుండి రెండును ఒక్కటిగా కనబడినను, అద్దము క్రింద దాని వీపు నిగనిగ లేక, సన్నని నూగుతో మాసియుండును. ఆ నూగు కనబడెనా, దానిని ఏరి సబ్బునీటిలో వేయుటకు నేను సంకోచింపను.