మూడు తరముల తల్లులు

మామిడితోటలకును, ప్రత్తి, మిరప చేలకును పేరుపొందిన తిరువూరు ప్రాంతమున, వేణుగోపాలస్వామి క్షేత్రముగా ప్రసిద్ధి గాంచిన నెమలి గ్రామమునందును, ఆ చుట్టుపట్ల పల్లెలయందును, సంక్రాంతి పండుగ క్రొత్త అల్లుళ్లకును పిల్లలకును మాత్రమే చెందినది కాదు; ఆ యింట నిండుగా జీవించి వెళ్లిపోయినవారికి కూడ ఆనాడు క్రొత్తబట్టలు పెట్టవలయును. పెద్దలకు బట్టలు పెట్టుకొనుట యని జనులు చెప్పుకొను ఈ ఆచారము కోస్తా జిల్లాలలో పెక్కుచోట్ల కలదు. దీనికి మంత్రము అవసరము లేదు, పురోహితుడు రావలసిన పనియు లేదు. తల్లిని, తల్లి తల్లిని స్మరించుటకు తెలుగువారు ఏర్పరచుకొన్న మార్గములలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే గనుక దీనితోనే ప్రారంభించుచున్నాను.

పండుగనాటి ఉదయము ఇల్లాలు తలంటుకొని, పసుపు పూసి బొట్లు పెట్టిన పీటమీద, ముందుగా కొని తెచ్చిన చీరను మడత విప్పకయే ఉంచి, దానిపై రవికెగుడ్డయు, ఆకులును, వక్కలును, పండ్లును పేర్చి, ఎదుట విస్తరి పరచి గారెలు, బూరెలు, పరమాన్నము, గుమ్మడికాయ పులుసు వడ్డించి, సాంబ్రాణి వేయగా, ఇంటివారందరును మ్రొక్కి, తలుపు దగ్గరగా వేసి, కొంతసేపు వెలుపల నిలుతురు. పిమ్మట ఆ చీరను కోడలో కూతురో కట్టుకొనును. పెట్టెలో దాచుట యుండదు. ఇందులో నేర్పంతయు చీరను ఎన్నుటలో నున్నది. కట్టుకొనబోవు ఆమెకు నచ్చినది గాక, పోయిన ఆమెకు నచ్చునది తేవలయును. జరీ అంచు మెడకు గీరుకొనునని మా నాయనమ్మ జీవితమంతయు నేతచీరలే కట్టినది గావున, ఎంత కలిగినను మా యింట నేటికిని నూలుచీరయే పెట్టుదురు. ఆమెను కన్నులార చూడని మునిమనుమరాండ్రకు కూడ ఆమెకు జరీ గిట్టదని తెలియును.

పునిస్త్రీగా పోయిన ఆమెకు పసుపుకుంకుమలును గాజులును చేర్చి పెట్టి, భర్త గతించిన తరువాత దీర్ఘకాలము బ్రదికిన ముసలమ్మకు అవి మానుట వాడుకలో నున్నది. ఇది నాకు సమ్మతము కాదు. పుట్టినప్పటినుండి పుట్టింటివారు పెట్టిన పసుపుకుంకుమలను, ఆ యింటిని అన్ని యేండ్లు మోసిన తల్లికి పండుగనాడు పెట్టుటలో దోషమేమియు కానరాదు.

దీర్ఘాయువును బ్రదికియుండగనే గౌరవించు విధానములును మనకు కలవు. చాంద్రమాసము సుమారు 29½ దినములు గనుక వేయి పున్నములు గడచుటకు 80 సంవత్సరముల 10 నెలలు పట్టును. ఆ వయస్సు దాటినవారికి సహస్రచంద్రదర్శన శాంతి జరిపింతురు. మునిమనుమడు పుట్టిన భాగ్యమునకు కనకాభిషేకము చేయుదురు.

గతించిన తల్లికొరకు శాస్త్రము విధించిన వానిలో మాతృషోడశి వంటిది మరియొకటి లేదు. గయాక్షేత్రమున తల్లికి ప్రత్యేకముగా పదునారు పిండములు పెట్టుదురు. ఒక్కొక్క పిండమునకు ఒక్కొక్క శ్లోకము కలదు. ఒక్కొక్క శ్లోకమునందు తల్లి పడిన ఒక్కొక్క క్లేశము పేర్కొనబడినది. గర్భము మోసిన నెలల భారము, ప్రసవవేదన, బిడ్డకొరకు మ్రింగిన కారపుమందులు, రాత్రులందు బిడ్డ తడిపిన గుడ్డలలోనే పరుండుట, ఆకలికి ఓర్చుట, చలికిని ఎండకును ఓర్చుట, బిడ్డ జబ్బుపడినప్పటి దుఃఖము — ఇట్లు వరుసగా, దాచక, సంకోచింపక చెప్పబడును. తల్లి గొప్పదని పొగడుట సులభము. ఆమె పడుకొన్న తడిగుడ్డను పేరుపెట్టి చెప్పి, నా మూలమున కలిగిన ఆ కష్టమునకు నిష్కృతిగా ఈ పిండము ఇచ్చుచున్నానని కుమారుడు పలుకుట సులభము కాదు. గుజరాతులోని సిద్ధపురము మాతృగయ యని పేరుపొందినది. కపిలమహర్షి తన తల్లి దేవహూతికి తత్త్వోపదేశము చేసిన చోటు అదియే యని చెప్పుదురు.

తర్పణవిధియు నిట్టిదే. దర్భపవిత్రము ధరించి, నువ్వులు కలిపిన నీటిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి విడుచుచు, పితృవర్గము ముగిసిన పిమ్మట తల్లిని, నాయనమ్మను, ఆమె అత్తగారిని గోత్రనామములతో పిలువవలయును. తల్లి వసురూపిణి, పితామహి రుద్రరూపిణి, ప్రపితామహి ఆదిత్యరూపిణి. ఇక్కడనే మన అశ్రద్ధ బయటపడును. ముత్తాత పేరు చెప్పగలిగిన గృహస్థుడు, ముత్తవ్వ పేరు అడుగగనే పురోహితుని మొగము చూచును. పొలము కాగితములలోను, ఇంటి దస్తావేజులలోను తాతల పేర్లు నిలిచినవి. అవ్వల పేర్లు నిలుచుటకు ఈ తర్పణము దప్ప వేరు పత్రము పెక్కు యిండ్లలో లేదు. ఈ సంప్రదాయము విలువ ప్రధానముగా ఇందులోనే యున్నదని నా విశ్వాసము.

మూడు తరములు దాటిన పేరు తర్పణమునుండి తొలగిపోవును గదా యందురేమో. అందులకు ముందే అది ఉయ్యాలలోనికి చేరును. నాయనమ్మ పేరు మనుమరాలికి పెట్టుట మనలో పరిపాటి. అయితే అత్తగారి పేరు నోట పలుకుట కోడలికి తగదు కనుక ఆ బిడ్డకు చిట్టి యనియో, అమ్మడు అనియో, బుజ్జి యనియో ఇంకొక పిలుపు ఏర్పడును. తండ్రి సైతము తన తల్లి పేరుగల బిడ్డను తిట్టుటకు నోరాడక, ఎంత కోపము వచ్చినను అమ్మా యనియే పిలుచును. ఇంతటి మర్యాదను ఏ శిలాఫలకమును సంపాదింపలేదు.

దూరదేశములందున్నవారికి తిథినిర్ణయము కొంత చిక్కు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములే కావునను, నడుమ అధికమాసము వచ్చుచుండును గావునను, తల్లి ఆబ్దికము ఇంగ్లీషు తేదీకి కుదురుకొనదు. విజయవాడలో తెల్లవారునప్పటి తిథి అమెరికాలో ముందునాటి సాయంకాలమే ప్రవేశించియుండవచ్చును. కావున తామున్న నగరమునకు గణించిన పంచాంగమునే చూడవలయును.

ఈ ఏడు పంచాంగము కొన్నప్పుడు దాని అట్టలోపల మూడు తరముల తల్లుల పేర్లను, గోత్రములను, తిథులను వ్రాసియుంచుడు. ఇంటిలో ముసలమ్మ యింకను ఉన్నచో ఆమె చెంత కూర్చుండి, ఆమె అత్తగారి పేరుతోపాటు ఆమె పుట్టింటివారి గోత్రమును, తల్లి పేరును, నాయనమ్మ పేరును గూడ అడిగి వ్రాసికొనవలయును. మహాలయపక్షమున మాతామహి వర్గమునకు నీళ్లు విడుచునాడు ఆ పుట్టింటి కూతురి కొడుకునకు కావలసినవి ఆ పేర్లే.