గరుకుదనం ఎవరిది? ఉత్తర తెలంగాణ జానపద ధ్వనిముద్రణలో సాచురేషన్

కీలకపదాలు: ధ్వనిముద్రణ, సాచురేషన్, డప్పు, ఒగ్గుకథ, మంథని, జానపద పరిశోధన

తెలుగు జానపద పరిశోధన పాటను మొదటినుంచీ పాఠంగానే చదువుతూ వచ్చింది. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన నాటినుంచి వస్తువు, ఛందస్సు, పాఠాంతరాలు, కులవృత్తులతో పాటకున్న సంబంధం విస్తృతంగా చర్చకు వచ్చాయి. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటివారు వాద్యాల సేకరణకు పూనుకున్నాక వాద్యం కూడా పరిశోధన వస్తువైంది. ధ్వని మాత్రం ఇంకా కాలేదు. ఇవాళ ఒగ్గుకథ గాని, డప్పుపాట గాని ఎక్కువమందికి చేరుతున్నది యూట్యూబు ద్వారా, చేతిలోని ఫోను ద్వారా. కళాకారుని గొంతుకూ శ్రోత చెవికీ మధ్య మిక్సింగ్ అనే దశ ఒకటి ఉంది. అక్కడ పాట మారుతుంది, కొన్నిసార్లు పాట అర్థమే మారుతుంది. ఆ దశలో ఇప్పుడు విరివిగా వాడుతున్న ఒక సాధనాన్ని, అనలాగ్ తరహా సాచురేషన్ ప్లగిన్లను, విమర్శ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా సాచురేషన్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. అయస్కాంత టేపుకు, వాల్వుకు, ట్రాన్స్‌ఫార్మరుకు మోయగల సంకేతం ఇంతేనని ఒక హద్దుంటుంది. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి అలల శిఖరాలు మెత్తగా అణగిపోతాయి. అలా అణగిన అలలో మూల పౌనఃపున్యానికి రెండింతలు, మూడింతలుగా కొత్త అనుస్వరాలు పుడతాయి. అణగడం రెండువైపులా సమంగా ఉంటే బేసి అనుస్వరాలు, అసమంగా ఉంటే వాటితోపాటు సరి అనుస్వరాలు కూడా వస్తాయి. చెవికి ఇది నిండుదనంగా, వెచ్చదనంగా తోస్తుంది. మోతాదు పెరిగితే అదే డిస్టార్షన్. ఒకప్పుడు ఇంజనీర్లు యంత్రంలోని లోపంగా ఎంచి తప్పించుకోజూసిన దాన్ని ఇప్పుడు కంప్యూటర్లో గణితంతో తిరిగి తయారుచేసి అమ్ముతున్నారు.

అయితే తయారుచేస్తున్నది ఎవరి లోపాన్ని? సౌండ్‌టాయ్స్ సంస్థవారి ‘డికాపిటేటర్’లో అయిదు మీటలున్నాయి. అవి వరుసగా ఆంపెక్స్ టేపు యంత్రపు ప్రీఆంప్‌ను, ఈఎంఐ శైలి ఛానల్‌ను, నీవ్ కన్సోల్ ఛానల్‌ను, థర్మియానిక్ కల్చర్ వారి వాల్వు పరికరపు రెండు రీతులను అనుకరిస్తాయి. వేవ్స్ సంస్థ ‘జె37’ లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ బృందం 1967 నాటి ఆల్బమ్‌ను ముద్రించిన స్టూడర్ యంత్రానికి ప్రతిరూపం. అంటే ‘అనలాగ్’ అనే మాట ఇక్కడ సాధారణ నామం కాదు. రెండు మూడు మహానగరాల స్టూడియోల జ్ఞాపకం అది. డికాపిటేటర్ అంటే తల నరికేది. దాని మోతాదు పెంచే బొత్తాం పేరు ‘పనిష్’. పేర్ల గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

మన ప్రాంతపు అనలాగ్ జ్ఞాపకం వేరు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడిచే క్యాసెట్టు, దానికి కాపీ, ఆ కాపీకి మరో కాపీ. జాతరలో, పెండ్లిలో చెట్టుకొమ్మకు కట్టిన హారన్ మైకు. స్టూడియో టేపు సెకనుకు 38 లేదా 76 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. ఆ వేగంలో అణగిన శిఖరానికీ, క్యాసెట్టులో మాసిపోయిన తాళానికీ పోలిక లేదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఒక తరం విన్న ‘పాత ధ్వని’లో వెచ్చదనం కంటే గరగర ఎక్కువ, గరగర కంటే బొంగురు ఎక్కువ. నేటి జానపద వీడియోలలో పాతదనానికి గుర్తుగా వినిపిస్తున్నది ఆ ధ్వని కాదు. అరువు తెచ్చుకున్న మరొక ఊరి పాతదనం.

ఈ సందర్భంలో మంథనిని తలచుకోవడానికి కారణముంది. గోదావరి ఒడ్డున మంత్రకూటంగా పేరుపొందిన ఈ ఊరు వేదపండితుల ఊరుగా ప్రసిద్ధం. ఇదే ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో డప్పు, ఒగ్గుడోలు మోగుతాయి. రెండూ ఒకే గాలిలో ప్రయాణించిన ధ్వనులే. కాని ముద్రణకు వచ్చేసరికి వాటి దారులు వేరవుతున్నాయి. నేను విన్నంత మేరకు వేదపఠనపు రికార్డింగులలో గొంతును నిర్మలంగా ఉంచి, గుడి మంటపాన్ని స్ఫురింపజేసే రివర్బ్ జోడిస్తారు. డప్పుకూ, జానపద గాయకుని గొంతుకూ మాత్రం గరుకుదనాన్ని అదనంగా అద్దుతారు. స్వచ్ఛత ఒకరికి, మొరటుదనం మరొకరికి అనే పాత పంపకమే ఇక్కడ ప్లగిన్ ఎంపికగా తిరిగివస్తోంది. మిక్సింగ్ చేసేవారు దీన్ని ఉద్దేశించి చేస్తారని నేననను. ‘మాస్’ అనిపించాలని నిర్మాత అడుగుతాడు, ఇంజనీరు మీట తిప్పుతాడు. కాని వివక్షకు ఉద్దేశం అవసరం లేదు, అలవాటు చాలు.

ఇది సామాజిక వ్యాఖ్య మాత్రమే అనుకునేవారికి ధ్వనిశాస్త్రం కూడా అడ్డుచెబుతుంది. గొంతులో, తీగలో పుట్టే స్వరాంశాలు మూలానికి పూర్ణాంక గుణిజాలకు దగ్గరగా ఉంటాయి. సాచురేషన్ కలిపే కొత్త అంశాలు కూడా అవే స్థానాల్లో పడతాయి కనుక నిండుదనం వస్తుంది. డప్పు సంగతి అది కాదు. చెక్క చట్రానికి బిగించిన ఒంటి చర్మం అది. ఆదర్శ వృత్తాకార పొర కంపనాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తుల్లో ఉంటాయి. మూలం 100 హెర్ట్జ్ అనుకుంటే తర్వాతిది 159, ఆపైన 214. వీటిని సాచురేషన్‌కు గురిచేస్తే 200, 300తో పాటు వాటి మొత్తాలూ తేడాలూ కూడా పుడతాయి: 259, 59, 114. ఏ శ్రేణికీ చెందని ఈ అంశాల గుంపు వెచ్చదనంగా వినిపించదు, బురదగా వినిపిస్తుంది.

సి.వి. రామన్ 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో చూపించిన విషయం ఇక్కడ అక్కరకు వస్తుంది. మృదంగం, తబలాల మూత మీది నల్లటి పూత ఆ పొర కంపనాలను పూర్ణాంక నిష్పత్తులకు దగ్గర చేస్తుంది. కనుక సాచురేషన్ మృదంగానికి కొంత నప్పుతుంది, డప్పుకు నప్పదు. ఒక వాద్యానికి కుదిరిన మోతాదును ‘తాళవాద్యం’ అనే పేరుతో రెండోదానికీ వేయడం శాస్త్రం ఒప్పని పని.

దరువుకు జరిగే నష్టం ఇంకా పెద్దది. డప్పు కళాకారుడు కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పడతాడు. ఒకటి పొట్టిగా లావుగా ఉంటుంది, రెండోది సన్నగా పొడవుగా ఉంటుంది. దరువులోని మాటలన్నీ ఈ రెండు దెబ్బల తేడాలోనే ఉన్నాయి. ఆ తేడా దెబ్బ పడిన తొలి క్షణపు శిఖరంలో ఉంటుంది. సాచురేషన్ మొదట కోసేది ఆ శిఖరాన్నే. వాయించేముందు మంట దగ్గర కాచి, చర్మం బిగిసేదాకా వేచిచూసి సాధించుకున్న టంకారం ఒక్క మీటతో సగం మెత్తబడిపోతుంది. శబ్దం పెద్దదైనట్టు అనిపిస్తుంది, దరువు చిన్నబోతుంది.

ఒగ్గుకథలోని తాళాలు, గజ్జెలకు మరో ప్రమాదం ఉంది. 44,100 నమూనాల ముద్రణలో 22,050 హెర్ట్జ్‌కు పైన చోటు లేదు. 9,000 హెర్ట్జ్ స్వరానికి పుట్టే మూడో అనుస్వరం 27,000. అది మడతపడి 17,100 దగ్గర అపస్వరంగా తేలుతుంది. ఓవర్‌శాంప్లింగ్ అనే సదుపాయం దీన్ని తగ్గిస్తుంది. కంప్యూటరు మీద భారం పెరుగుతుందని చాలామంది దాన్ని ఆపివేస్తారు.

ఇంతమాత్రాన గరుకుదనమే మనది కాదని అనుకుంటే పొరపాటు. తంబురా గుర్రం మీద తీగ కింద దూర్చే నూలుపోగు, జీవాళి, చేసేదేమిటి? తీగ కదలికను ఒరిపిడికి లోనుచేసి అనుస్వరాలను పుట్టించడమే. సాధారణ సిద్ధాంతం ప్రకారం వినిపించకూడని అనుస్వరాలు కూడా తంబురా, వీణలలో వినిపిస్తాయని అదే రామన్ 1921లో చూపించారు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన ఆ శాస్త్రవేత్త కృషి భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినంతగా మన సంగీత, సాహిత్య శాఖలకు తెలియదు. డోలుతోపాటు మోగే గజ్జెలు, జమిడిక తంత్రి గుంజుడులోని జివజివ కూడా ఈ కోవలోనివే. మన వాద్యకారులు డిస్టార్షన్‌ను వాద్యంలోనే, కావలసిన చోట, కావలసినంత అమర్చుకున్నారు. దాని మీద మళ్లీ అద్దడం పసుపు రాసిన గడపకు పసుపురంగు పెయింటు వేయడం లాంటిది.

2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ను ఈ దృష్టితో వినాలి. వేణు యెల్దండి దర్శకత్వంలో రాజన్న సిరిసిల్ల జిల్లా పల్లెలో తీసిన ఆ చిత్రానికి సంగీతం భీమ్స్ సిసిరోలియో. ముగింపు పాటలో బుడగజంగాల కళాకారులు కొమురమ్మ, మొగిలయ్యల గొంతులే ముందుంటాయి. ఆ గొంతుల్లోని జీర, ఊపిరి తెగినచోట్లు వినబడతాయి. పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఆ చిత్రం చూపినప్పుడు జనం కంటతడి పెట్టింది ఆ జీరకే. దానికి భిన్నంగా 2021లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో దర్శనం మొగిలయ్య గొంతు, కిన్నెర ఆరంభంలో వినిపిస్తాయి. ఆపైన తమన్ వాద్యబలగం కమ్ముకుంటుంది. జానపదం అక్కడ ప్రవేశద్వారం, ఇక్కడ ఇల్లు.

సాచురేషన్‌కు ఒక న్యాయమైన ప్రయోజనం ఉందని ఒప్పుకోవాలి. ఫోను స్పీకరు కింది పౌనఃపున్యాలను పలికించలేదు. 100 హెర్ట్జ్ మూలం వినబడకపోయినా 200, 300, 400 వినబడితే చెవి ఆ మూలాన్ని ఊహించుకుంటుంది. కాబట్టి డోలు గుంభనాన్ని ఫోనులో వినిపించాలంటే కొంత సాచురేషన్ అక్కరే. అయితే దాన్ని కింది పట్టీకి మాత్రమే పరిమితం చేయాలి. ఫాబ్‌ఫిల్టర్ ‘శాటర్న్’ వంటివి ధ్వనిని ఆరు పట్టీలదాకా విడదీయగలవు. శిఖరాలున్న పై పట్టీలను ముట్టకుండా వదిలేయవచ్చు. పనిముట్టు ఉంది, దాన్ని అలా వాడమని అడిగేవారు లేరు.

పరిశోధకులకు దీనితో నేరుగా సంబంధముంది. డప్పు దరువుల వర్గీకరణ మీద పనిచేసే విద్యార్థి క్షేత్రపర్యటనకు వెళ్లలేక యూట్యూబు వీడియోను ప్రాథమిక ఆధారంగా తీసుకుంటే, సిర్ర దెబ్బనూ సిటికెన పుల్ల దెబ్బనూ వేరుచేసే ఆధారం ఆ ఫైలులో పూర్తిగా ఉండదు. అణగిన శిఖరాన్ని, పుట్టుకొచ్చిన అంశాలను విడదీసి అసలు ధ్వనిని నమ్మకంగా తిరిగి రాబట్టే మార్గం లేదు. అనుబంధంలో పాఠాంతరాలను ఎంత శ్రద్ధగా చూపుతామో, ముద్రణ ఎవరు చేశారు, మైకు ఎక్కడ పెట్టారు, ప్రాసెస్ చేయని ట్రాకు లభ్యమా కాదా అన్నవి కూడా అంత శ్రద్ధగా నమోదు చేయాలి. మంథని పరిసరాల్లో ఒగ్గుకథ చెప్పే బృందాలు తమ పాటలను తామే ఫోనుల్లో ముద్రించుకుంటున్నారు. ఏ ప్లగినూ సోకని ఆ ఫైళ్లు వాట్సాప్ కుదింపులో నలిగిపోకముందే సేకరించవలసి ఉంది.