వేషం లోపలి లెక్క

స్థానం నరసింహారావు రంగస్థలం ఎక్కింది మరొకరు రాకపోవడం వల్ల. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ నాటకానికి చంద్రమతి వేషధారి ఎగ్గొడితే ఆ ఊరి కుర్రాడైన ఈయన్ని నిలబెట్టారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా మెప్పించారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ‘తులాభారం’లో ఒకే పల్లవిని తిప్పి తిప్పి పాడుతూ ప్రతిసారీ కొత్త భావం పలికించేవారని పాతవాళ్లు చెబుతారు.

అలాంటి నటుణ్ణి చూసి ‘పూనకం’ అనేస్తాం. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడదు. పూనకం వచ్చినవాడికి చీర కుచ్చిళ్లు గుర్తుంటాయా? శ్రుతి గుర్తుంటుందా?

ప్లేటో ‘అయాన్’ సంభాషణలో సోక్రటీసు పట్టుకున్నదీ ఈ పూనకం మాటనే. హోమరు కావ్యాన్ని గానం చేసే అయాన్‌తో, ‘నీకున్నది విద్య కాదు, దైవావేశం, అయస్కాంతానికి అతుక్కున్న ఇనప ఉంగరానివి’ అంటాడు. అయాన్ మురిసిపోతాడు. అంతలోనే నిజం జారవిడుస్తాడు: కరుణ ఘట్టంలో తన కళ్లు చెమరుస్తున్నా జనాన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంటాడట. వాళ్లు ఏడిస్తే తనకు డబ్బు, నవ్వితే తనకు ఏడుపు! సోక్రటీసు అక్కడ ఆగకుండా ముందుకెళ్లిపోయాడు. ఆగవలసింది అక్కడే అనిపిస్తుంది నాకు.

రేపల్లె వైపు తిరునాళ్లలో కాటిసీను చూసినవాళ్లకు ఆ కన్ను కొత్తేమీ కాదు. చంద్రమతి బిడ్డ మీద పడి ఏడుస్తూనే మైకు వైపు అరడుగు జరుగుతుంది. ఉత్పలమాలైతే పదో అక్షరం దగ్గర యతి. అది తప్పకుండా, అర్థం విరగకుండా పదం విరవాలి. ఇదంతా లెక్కే, నేర్పితే వస్తుంది. పద్యం అయ్యాక తీసే రాగం సంగతి వేరు. ఎంతసేపు లాగాలో ఏ గురువూ చెప్పలేడు. నాలుగు క్షణాలు ఎక్కువైతే ముందు వరసలో బీడీలు వెలుగుతాయి, తక్కువైతే ‘వన్స్ మోర్’ రాదు. హార్మోనిస్టు కూడా మెట్ల మీద వేళ్లు ఉంచి నటుడి ముఖం చూస్తుంటాడు.

బుద్ధికి అపోలోను, మైకానికి డయొనిసస్‌ను నిలబెట్టి, గ్రీకు విషాద నాటకం ఈ ఇద్దరి పొత్తులో పుట్టిందన్నాడు నీషే, 1872లో. డెల్ఫీలో ఆ పొత్తు అంతకు ముందే ఉంది. చలికాలం మూడు నెలలు అపోలో వెళ్లిపోతే ఆ క్షేత్రం డయొనిసస్‌ది. మన నటుడికి అలా నెలలు పంచుకునే తీరిక లేదు. ఇద్దరూ ఒకే పద్యంలో సర్దుకోవాలి.

చివర్లో సోక్రటీసు అయాన్‌ను ఎంచుకోమంటాడు: మోసగాడివా, దేవుడు ఆవహించినవాడివా? రెండోదే గౌరవంగా ఉందని అయాన్ దాన్నే పుచ్చుకున్నాడు. స్థానం మాత్రం తన నటన గురించి ‘నటస్థానం’ అని పుస్తకమే రాసి పెట్టారు.