పల్లం ఇచ్చిన మెరక

కోనసీమ అంటే కొబ్బరి అనుకోవడం అందరికీ అలవాటు. వంతెన దిగగానే కళ్లకు ఆనేది ఆ చెట్లే కాబట్టి తప్పు పట్టలేం. కానీ ఆ చెట్ల కింది నేల ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు చెరువు గట్టున దొరుకుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న ఈ లోతట్టు నేలలో భూగర్భజలం చేతికందే ఎత్తులో ఉంటుంది. కొబ్బరివేరుకు తడి కావాలి గానీ మురుగునీళ్లలో అది నిలవలేదు. అందుకే ఇల్లు కట్టాలన్నా, మొక్క నాటాలన్నా ముందు మెరక చేసుకోవాలి. మెరకకు మట్టి కావాలి, ఆ మట్టిని పక్కనే తవ్వాలి. తవ్విన చోట పల్లం, పల్లంలో నీళ్లు, నీళ్లలో చేపలు. పెరడూ చెరువూ తోటా ఒకే పలుగూ పారతో పుట్టిన తోబుట్టువులు. అయినా వ్యవసాయ లెక్కల్లో వీటిని ఎప్పుడూ విడదీసే చూస్తారు: ఎకరానికి ఇన్ని కాయలు, సెంటుకు ఇన్ని కిలోల చేప అని. ఆ లెక్క తప్పని కాదు. అది చూడాల్సిన చోట చూడదని నా అభ్యంతరం. ఈ పద్ధతి విలువ ఒక్కో పంట దిగుబడిలో లేదు, ఒక చోటి మిగులు ఇంకో చోటికి కూడుగా మారడంలో ఉంది.

ముందు తోట సంగతి. కొబ్బరిని సుమారు 8 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 60 పైచిలుకు చెట్లు పడతాయి. ఒక్కో చెట్టు వాటాకు 64 చదరపు మీటర్ల నేల వస్తుంది. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం మాను చుట్టూ 2 మీటర్ల లోపే అల్లుకుంటాయి, అంటే 13 చదరపు మీటర్ల లోపే. ఐదింట నాలుగు వంతుల నేల ఖాళీ. వెలుతురు మాత్రం చెట్టు వయసును బట్టి మారుతుంది. మొదటి ఏడెనిమిదేళ్లు మొక్కల మధ్య ఎండ ధారాళంగా పడుతుంది, అప్పుడు అరటి, కూరగాయలు వేస్తారు. తర్వాత ఇరవై పాతికేళ్ల వయసు దాకా కమ్మలు కమ్ముకుని నీడ చిక్కబడుతుంది, అప్పుడు కంద, పసుపు లాంటివే నెగ్గుకొస్తాయి. మాను ఎత్తు పెరిగాక వెలుతురు మళ్లీ కిందికి దిగుతుంది. అప్పుడు కోకో, వక్క, మానుకు పాకించిన మిరియాల తీగ. గోదావరి జిల్లాల వంటల్లో కంద బచ్చలి కూరకు ఉన్న పేరు వెనక ఈ నీడ కూడా ఉందని నాకు అనిపిస్తుంది. చెట్టు కింద ఊరిన కంద, చెరువు గట్టు తడికి పాకిన బచ్చలి ఒకే గిన్నెలో కలిశాయి. పనస, పంపరపనస, మామిడి లాంటి గుబురు చెట్లను మాత్రం తెలిసినవాళ్లు గట్టు మీద పెట్టరు. అవి నీటి మీద ఎండను ఆపేస్తాయి. కొబ్బరి అలా కాదు, తల పైనెక్కడో ఉంటుంది, పీచు వేళ్లు గట్టును పగలగొట్టకుండా పట్టి ఉంచుతాయి.

నీటి మీద ఎండ ఎందుకంత ముఖ్యమంటే, పెరటి చెరువులో చేపకు మనం మేత వేయం, మేతను పండిస్తాం. పశువుల పాకలోని పేడ ఒక మూల వేస్తే నీళ్లలో కంటికానని నాచు, దాన్ని తినే సూక్ష్మజీవులు పుడతాయి. బొచ్చె పైనీటిలో ఆ జీవుల్ని, శీలావతి నడిమినీటిలో నాచును, మోసు అడుగున కుళ్లిన చెత్తను తింటాయి. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. గడ్డిచేపను కూడా వదిలితే గట్టున కోసిన గడ్డి, లేత అరటాకు దాని వంతు. పేడ ఎంత వేయాలన్నదే అసలు నేర్పు. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి మసకగా కనిపించాలి. అసలే కనిపించకపోతే నీళ్లు పచ్చబడ్డాయని పేడ ఆపేయాలి. లేదంటే మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ప్రాణవాయువు చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఇవన్నీ తాతలనాటి జ్ఞానమేనని అంటే పొరపాటు. పెంపుడు చెరువులో ఈ మూడు జాతులూ వాటంతట అవి గుడ్లు పెట్టవు, ఒకప్పుడు పిల్లల్ని నదిలోనే పట్టి తేవాలి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించాకే కోరిన పిల్ల కోరినప్పుడు దొరకడానికి దారి పడింది. సంప్రదాయం అని మనం పిలిచేదాంట్లో ప్రయోగశాల వాటా కూడా ఉంది.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు కాలువల్లో పద్ధతిగా నడవడం మొదలైంది, ఏటిగట్లు వరదను బయటే ఆపాయి. లంకలకు ఇప్పటికీ దక్కే ఒండ్రు గట్టు లోపలి తోటకు దానంతట అది రావడం తగ్గింది. ఆ కొరతను చెరువు కొంత తీర్చింది. కాలువనీటితో వచ్చిన ఒండ్రు, చేపల పెంట, రాలిన ఆకు ఏడాదంతా అడుగున చేరతాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువును ఎండగట్టి ఆ బురద ఎత్తి కొబ్బరి పాదులకు వేస్తారు. ఎండి పగుళ్లిచ్చిన అడుగుకు గాలి తగులుతుంది, కలుపుచేపలు పోతాయి, సున్నం చల్లితే పులుపు విరుగుతుంది. కొబ్బరి డొక్కలదీ అదే దారి. చెట్టు చుట్టూ కందకం తీసి డొక్కల్ని బోర్లా కాకుండా వెల్లకిలా పేరుస్తారు, వాన నీళ్లు వాటిలో నిలిచి ఎండల్లో వేరుకు అందుతాయి. కొబ్బరి అన్నిటికన్నా ఎక్కువగా కోరే పొటాష్ ఆ డొక్కలోనూ, పొయ్యి బూడిదలోనూ ఉంటుంది.

చేపకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది, ఎవరూ జీతం కట్టనిది. అది తోటకు కాపలాదారు. సర్పిలాకార తెల్లదోమ కొబ్బరి మీద పడినప్పుడు ఆకు మీద విషం కొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. గట్టు మీది చెట్టుకు కొట్టిన మందు చెరువులోకే కారుతుంది. చేప చచ్చి తేలడం కన్నా గట్టి హెచ్చరిక ఏ కరపత్రంలోనూ ఉండదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగుల మీద, పురుగును చంపే శిలీంద్రం మీద చేసిన పని ఇలాంటి తోటలకే ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఇది మన ఒక్కరి తెలివే అనుకోనక్కర్లేదు. చైనాలోని హూజౌలో పల్లాల్లో చెరువులు తవ్వి, ఆ మట్టితో వేసిన గట్లపై మల్బరీ పెంచుతారు. ఆకు పట్టుపురుగుకు, పురుగు పెంట చేపకు, బురద మళ్లీ మల్బరీకి. ఆహార వ్యవసాయ సంస్థ 2017లో దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వియత్నాంలో తోట, చెరువు, పశువుల కొట్టం కలిపి ఒకే పేరుతో పిలుస్తారు. మనకు అలాంటి ఒక్క మాట లేకపోవడం వల్లే మూడు శాఖల వాళ్లు మూడు లెక్కలు రాసుకుంటున్నారేమో.

దీనికి మొదటి అభ్యంతరం దిగుబడి. భీమవరం వైపు తవుడు, చెక్క మేపి పెంచే చెరువులతో పోలిస్తే పెరటి చెరువు చేప ఏ మూలకీ రాదు. నిజమే, చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుందంటే అది పెరటి చెరువుల పుణ్యం కాదు. నగరాల సంతలను ఇవి నింపలేవు. అయితే అక్కడ అమ్మిన చేప ధరలో మేత, మందు, కరెంటు, వడ్డీ ఉంటాయి. ఇక్కడ పెట్టుబడి చాలామటుకు పెరటి మిగులే. ధర పడిపోయిన ఏడు పెద్ద చెరువు రైతు అప్పుల్లో పడతాడు, పెరటి చెరువు రైతు చేపను కూరకు వాడుకుంటాడు. పోల్చాల్సింది మంచి ఏడాదిని కాదు, చెడ్డ ఏడాదిని.

చెడ్డ ఏడాది అంటే 1996. ఆ నవంబరు 6న విరుచుకుపడ్డ తుపాను కోనసీమలో లక్షల కొద్దీ కొబ్బరిచెట్లను కూల్చింది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. కొబ్బరినే నమ్ముకున్న తోటకు అది ఆరేడేళ్ల శిక్ష. అదే చోట ఆకుకూర నెలలో, కంద తొమ్మిది నెలల్లో, అరటి ఏడాదికి చేతికొస్తాయి. చెరువును మళ్లీ నాటక్కర్లేదు. ఈ పద్ధతి తుపానును ఆపలేదు. తేరుకునే దారిలో మెట్లు మాత్రం దగ్గర దగ్గరగా వేసి పెడుతుంది.

నాకు ఎక్కువ బరువుగా తోచే అభ్యంతరం వేరు: ఇదంతా నేల ఉన్నవాళ్ల ముచ్చట. బురద ఎత్తినవాళ్లు, దింపు దింపినవాళ్లు, మట్టలు మోసినవాళ్లు చాలామంది ఆ చెరువులో గాలం వేసే హక్కు కూడా లేనివాళ్లు. ఇప్పుడు వాళ్లలో ఎందరో గల్ఫ్ వెళ్లిపోతే, కూలీలు దొరకడం లేదని తోటల వాళ్లు వాపోవడంలో న్యాయం సగమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండు మూడు సెంట్ల స్థలంలోనూ మునగ, అరటి, కోళ్లు, వంటింటి నీళ్లతో పెరిగే కంద ఇదే పద్ధతికి చిన్న రూపాలని చెప్పగలను. చెరువుకు మాత్రం పంచాయతీ గుంటలు ఉమ్మడిగా దక్కితే తప్ప దారి లేదు.

చివరిది పొరుగు. పక్క పొలంలో ఉప్పునీటి రొయ్యల చెరువు పడితే ఆ ఉప్పు గట్టు కింది నుంచి ఊరుతుంది, కంద కుళ్లుతుంది, మంచినీటి చేప నీరసిస్తుంది. సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది, 2005లో వాటిని అదుపు చేయడానికి చట్టం వచ్చింది. అయినా ఏ చెరువు ఎక్కడ తవ్వాలన్న తగువు ఊళ్లలో తీరలేదు. మురుగు కాలువలదీ అదే తంతు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వాళ్ల ఫిర్యాదుల్లో ముంపు కూడా ఉంది. ఎంత నేర్పున్న కుటుంబమైనా తన గట్టు లోపలే చక్రం తిప్పగలదు.

ఆ చక్రంలో ఇప్పుడు సడలుతున్న ఆకు మాత్రం ఇంటి లోపలే ఉంది. వేసవిలో పదిమంది వారం రోజులు ఎత్తే బురదను పొక్లెయిన్ ఒక్క పూటలో ఎత్తేస్తుంది. అది మంచిదే, నడుములు విరగవు. కానీ బకెట్ నిండాక లారీ ఎటు తిరుగుతుందన్నదే ప్రశ్న. ఇళ్ల స్థలాల మెరకకు మట్టి గిరాకీ బాగా ఉంది. చెరువు మట్టి పాదు దాకా వెళ్లకుండా లేఅవుట్‌కు అమ్ముడుపోతే, జూన్‌లో కాలువలు వదిలేసరికి చెరువు మునుపటికన్నా లోతుగా, తోట మునుపటికన్నా ఆకలిగా ఉంటాయి.